సరిహద్దు పాతది, గోడ కొత్తది: మోడ్లరాయిట్ అనే జర్మన్ పల్లె

టాన్‌బాఖ్‌ను వాగు అనడం కూడా ఎక్కువే. పొలాల మధ్య పారే పిల్లకాలువంత ఉంటుంది. కాస్త ఊపందుకుంటే పదేళ్ల పిల్లవాడు ఒక్క గెంతులో అవతలి గట్టు మీద ఉంటాడు. దానికి అటూ ఇటూ ఏటవాలు కప్పుల ఇళ్లు, పశువుల కొట్టాలు, చలికాలం కోసం గోడవారన పేర్చిన కట్టెలు. ఆ ఊరి పేరు మోడ్లరాయిట్. రెండు గట్లూ కలిపి లెక్కపెట్టినా యాభై మందికి మించరు. ఒక గట్టున ఉన్న ఇళ్లు బవేరియా రాష్ట్రంలో టోపెన్ పంచాయతీ కిందికి వస్తాయి. రెండో గట్టు ఇళ్లు తురింజియా రాష్ట్రంలో గెఫెల్ పట్టణం కిందికి వస్తాయి.

జర్మనీ తూర్పు, పశ్చిమ దేశాలుగా చీలి ఉన్న రోజుల్లో, ఇంత చిన్న ఊరి మధ్యలో 1966లో మూడు మీటర్లకు పైగా ఎత్తున్న కాంక్రీటు గోడ లేచింది. పొడవు దాదాపు 700 మీటర్లు. అమెరికా సైనికులు ఈ ఊరికి, గోడతో చీలిన బెర్లిన్ నగరం పేరు మీద, 'లిటిల్ బెర్లిన్' అని పేరు పెట్టారు. ఆ పేరే ప్రపంచానికి తెలిసింది, పర్యాటకుల బోర్డుల మీదా అదే కనిపిస్తుంది. కానీ ఆ పేరు అసలు సంగతిని కాస్త మరుగున పడేస్తుంది. నగరంలో గోడ కడితే అవతల ఉండిపోయేవాళ్లలో ఎక్కువమంది ముక్కూమొహం తెలియనివాళ్లు. పల్లెలో అలా కాదు. అవతల ఉన్న ప్రతి మనిషీ పేరుతో సహా తెలుసు. ఎవరి ఆవు ఎప్పుడు ఈనింది, ఎవరి పొయ్యి ఇంకా రాజుకోలేదు, ఎవరి తల్లికి మోకాళ్ల నొప్పులు, అన్నీ తెలుసు. అందుకే పెద్ద నగరం కంటే ఈ చిన్న పల్లెలోనే ఆ గోడ ఏం చేసిందో స్పష్టంగా కనబడుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఈ ఊరిని రెండుగా చేసిన గీత 1945లో యుద్ధం ముగిసినప్పుడో, 1961లో బెర్లిన్ గోడ లేచినప్పుడో పుట్టింది కాదు. గోడ కంటే అది చాలా పాతది. ఆ గీత మీదే తరతరాలు ఒక ఊరుగా బతికాయి.

'రాయిట్' అంటే అడవి నరికి సాగులోకి తెచ్చిన నేల. ఈ ప్రాంతంలో ఊరి పేరు చివర ఆ మాట తరచూ వినిపిస్తుంది. మధ్యయుగాల్లో మనుషులు గొడ్డళ్లతో వచ్చి, చెట్లు కొట్టి, నాలుగు ఇళ్లు వేసుకున్న చోట్లన్నమాట. నేల అంత సారమైనది కాదు, చలి మాత్రం గట్టిది. దగ్గరి పట్టణం హోఫ్ చుట్టుపక్కల ప్రాంతాన్ని 'బవేరియా సైబీరియా' అని పిలుచుకుంటారు. బంగాళాదుంప, రై ధాన్యం, గడ్డి, పశువులు. వీటి మీదే బతుకు.

నెపోలియన్ యుద్ధాల కాలంలో ఐరోపా పటం మారిపోయినప్పుడు, 1810లో ఈ కాలువ వెంట హద్దురాళ్లు పాతారు. ఒకవైపు బవేరియా రాజ్యం, రెండోవైపు రాయిస్ సంస్థానం. రాళ్ల మీద ఒక పక్క 'కె.బి.', మరో పక్క 'ఎఫ్.ఆర్.' అని ఆయా రాజ్యాల పేర్లలోని మొదటి అక్షరాలు చెక్కారు. ఆ రాళ్లు ఇప్పటికీ కాలువ పక్కన గడ్డిలో ఉన్నాయి. రాయిస్‌ను సంస్థానం అన్నది మాట వరసకు కాదు. ఒకనాటి గద్వాల, వనపర్తి లాంటివి ఎంతుండేవో తెలిసినవాళ్లకు అది ఎంత చిన్న పాలనో ఊహకు అందుతుంది. అలాంటి చిన్న చిన్న సంస్థానాలు కలిసి 1920లో తురింజియా రాష్ట్రం అయ్యాయి.

అప్పటికి ఊళ్లో రోజువారీ జీవితం ఎలా నడిచేదో చూడాలి. బడి తురింజియా గట్టున ఉండేది. సాయంత్రం బీరు తాగి కబుర్లు చెప్పుకునే సత్రం కూడా అక్కడే. చర్చి మాత్రం బవేరియా వైపు, టోపెన్‌లో. అంటే పిల్లలు పొద్దున్నే ఒక దిక్కుకు, ఆదివారం పెద్దలు ఇంకో దిక్కుకు. మధ్యలో రాజ్యం సరిహద్దు దాటుతున్నామన్న ధ్యాస ఎవరికీ ఉండాల్సిన పని లేదు. పెళ్లిళ్లు అటూ ఇటూ జరిగేవి. ఒక గట్టు రైతుకు రెండో గట్టున చెక్క భూమి ఉండేది. పన్ను కట్టేటప్పుడు, కాగితం రాయించుకునేటప్పుడు మాత్రమే తాను ఏ ప్రభుత్వం మనిషో గుర్తొచ్చేది. రెండు వైపులా లూథరన్ క్రైస్తవులే. మాట్లాడే యాస ఒకటే.

తిండి కూడా ఒకటే. ఈ ప్రాంతంలో ఆదివారం మధ్యాహ్నం బంగాళాదుంప ముద్దలు లేనిదే భోజనం కాదు. పచ్చి దుంపల్ని తురిమి, గుడ్డసంచిలో వేసి, నీళ్లు పూర్తిగా కారిపోయేదాకా గట్టిగా పిండుతారు. ఆ నీళ్లను పారబోయరు. కాసేపు ఆగితే గిన్నె అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లు వంచేసి, ఆ పిండిని మళ్లీ తురుములో కలుపుతారు. ఉడికించి మెదిపిన దుంపల్ని వేడివేడిగా పోసి, అన్నీ కలిపి, సంగటి ముద్ద కంటే కాస్త చిన్నగా ఉండలు చేసి, మధ్యలో నేతిలాంటి వెన్నలో వేయించిన రొట్టె ముక్కలు పెట్టి మరుగుతున్న నీళ్లలో వదులుతారు. ముద్దకు పేర్లు ఊరికొకటి ఉన్నాయి, పిండే పద్ధతి ఒక్కటే. కాలువకు ఆ గట్టున ఎలా చేసేవారో ఈ గట్టునా అలాగే చేసేవారు, మధ్యలో గోడ ఉన్న రోజుల్లో కూడా.

1945లో యుద్ధం ముగిశాక జర్మనీని గెలిచిన దేశాలు పంచుకున్నాయి. తురింజియాలోకి మొదట వచ్చింది అమెరికా సైన్యమే. ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం జులైలో దాన్ని సోవియట్ సైన్యానికి అప్పగించి వెనక్కి వెళ్లింది. బవేరియా అమెరికా చేతిలో ఉండిపోయింది. రెండు ప్రాంతాలకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు పటం మీద పాత రాష్ట్ర సరిహద్దు సిద్ధంగా కనిపించింది. అది ఒక ఊరి నడుమ నుంచి, ఒక పిల్లకాలువ మధ్య నుంచి పోతోందన్న సంగతి ఎంత దూరాన కూర్చున్నవాళ్లకు తడుతుంది? రాయిస్ సంస్థానం హద్దురాయి అలా ప్రపంచాన్ని చీల్చే గీత అయింది.

మొదట్లో రాకపోకలు పూర్తిగా ఆగిపోలేదు. పాసు ఉంటే కాలువ దాటి పొలానికి వెళ్లొచ్చు, బంధువుల్ని చూసి రావచ్చు. 1949లో సోవియట్ చేతిలోని ప్రాంతం తూర్పు జర్మనీగా, మిగతాది పశ్చిమ జర్మనీగా రెండు దేశాలయ్యాక బిగింపు పెరిగింది. అసలు దెబ్బ 1952 మే 26న పడింది. ఆ రోజే పశ్చిమ జర్మనీ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లతో బోన్ నగరంలో ఒప్పందం మీద సంతకం చేసింది. అదే రోజు తూర్పు జర్మనీ ప్రభుత్వం తన పశ్చిమ సరిహద్దు పొడవునా కొత్త నిబంధనలు తెచ్చింది. గూఢచారుల్ని, విధ్వంసకారుల్ని ఆపడానికి అని చెప్పింది. అసలు కారణం జనం. అప్పటికే తూర్పు నుంచి పశ్చిమానికి వలస ఆగకుండా సాగుతోంది. తలుపు మూయకపోతే ఇల్లు ఖాళీ అయ్యేలా ఉంది.

నిబంధనలు మూడు పొరలుగా ఉండేవి. సరిహద్దును ఆనుకుని పది మీటర్ల వెడల్పున నేలను దున్ని, మెత్తగా చదును చేశారు. అడుగు పెడితే ముద్ర పడాలని. అందులోకి వచ్చినవాళ్లు ఆగమన్నా ఆగకపోతే కాల్చవచ్చని ఆజ్ఞ. దాని వెనక 500 మీటర్ల రక్షిత పట్టీ. దాని వెనక ఐదు కిలోమీటర్ల నిషేధిత ప్రాంతం. మోడ్లరాయిట్ తూర్పు సగం మొత్తం ఆ 500 మీటర్ల లోపలే ఉంది. ఆ పట్టీలో ఉండేవాళ్ల గుర్తింపు కార్డు మీద ప్రత్యేక ముద్ర ఉండాలి. పొద్దు గుంకాక బయట తిరగకూడదు. బయటి ఊరి నుంచి చుట్టం రావాలంటే ముందే అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. పెళ్లికైనా అంతే, చావుకైనా అంతే.

ఆ నిబంధనల వెనకే ఇళ్లు ఖాళీ చేయించే పని మొదలైంది. సరిహద్దు దగ్గర 'నమ్మదగనివాళ్లు' అనుకున్నవారి జాబితాలు తయారుచేశారు. పశ్చిమంలో బంధువులున్నవాళ్లు, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించినవాళ్లు, కాస్త పెద్ద కమతం ఉన్న రైతులు, సత్రం నడిపేవాళ్లు అందులో ఉండేవారు. పక్కింటివాళ్లు చెప్పిన చాడీ కూడా ఒక్కోసారి చాలేది. తెల్లవారుజామున లారీలు వచ్చేవి. సామాను సర్దుకోవడానికి కొన్ని గంటలు ఇచ్చేవారు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో చాలామందికి దిగేదాకా తెలిసేది కాదు. 1952 మే, జూన్ నెలల్లో సరిహద్దు పొడవునా ఇలా ఎనిమిది వేల మందికి పైగా జనాన్ని లోపలి జిల్లాలకు తరలించారు. 1961 అక్టోబరులో రెండోసారి మరో మూడు వేల మందికి పైగా. మొదటిసారి ఈ పనికి తురింజియాలో పెట్టుకున్న రహస్య పేరు 'ఉన్‌గెట్సీఫర్'. తెలుగులో చెప్పాలంటే పురుగూపుట్రా. తరతరాలుగా ఆ నేల దున్నిన మనుషులకు ప్రభుత్వం పెట్టిన పేరు అది. ఇంటికి వచ్చిన అధికారుల మాటలు మరిచిపోయినా, ఈ ఒక్క మాట బయటపడ్డాక మాత్రం ఆ కుటుంబాలకు మరుపు రాలేదు.

తరలించినవాళ్లు దిగిన చోట కూడా బతుకు తేలిగ్గా సాగలేదు. 'సరిహద్దు నుంచి పంపేశారంటే ఏదో చేసే ఉంటారు' అని కొత్త ఊరివాళ్లు దూరం పెట్టేవారు. ఇక ఊళ్లో మిగిలినవాళ్లు ఎందుకు నోరెత్తలేదన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. పక్కిల్లు ఒక్క పూటలో ఖాళీ కావడం చూసిన మనిషి ఆ తర్వాత ఏ మాటకైనా రెండుసార్లు ఆలోచిస్తాడు. ఆ జాబితాలు ఖాళీ చేయించింది కొన్ని ఇళ్లనే అయినా, భయాన్ని మాత్రం ప్రతి ఇంటికీ పంచాయి.

మోడ్లరాయిట్‌లో 1952లో మొదట చెక్కపలకల కంచె వచ్చింది, మనిషి కంటే ఎత్తుగా. ఆ తర్వాత ముళ్లకంచె. తర్వాత ఇంకా గట్టి కంచె. చివరికి 1966లో కాంక్రీటు గోడ. సరిహద్దు మొత్తం పొడవు 1,393 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఇనుప కంచెలతోనే సరిపెట్టారు. ఇళ్లు సరిహద్దుకు మరీ ఆనుకుని ఉన్న కొన్ని ఊళ్లలో మాత్రమే గోడ కట్టారు. ఎందుకు? మనిషిని ఆపడమే పని అయితే కంచె చాలు. కంచెలోంచి చూపు పోతుంది, పలకరింపు పోతుంది. అక్క ఇంట్లో దీపం వెలిగిందో లేదో తెలుస్తుంది. గోడ ఆపింది ఆ చూపునే. తూర్పు గట్టువాళ్లు పశ్చిమం వైపు చూసి చెయ్యి ఊపకూడదు, పలకరించకూడదు. ఇది నిషేధం. పశ్చిమం వైపునుంచి ఎవరైనా చెయ్యి ఊపితే, చూడనట్టు తల తిప్పుకుని పోవాల్సిందే. కావలి బురుజు మీద నుంచి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు.

ఇందులో ఒక చిన్న వివరం మనసును పట్టి ఉంచుతుంది. అసలు సరిహద్దు గోడ కాదు, కాలువే. గోడను దానికి కాస్త వెనగ్గా, తూర్పు జర్మనీ నేల మీద కట్టారు. అంటే గోడకూ కాలువకూ మధ్య ఉన్న పచ్చికపట్టీ కూడా తూర్పు జర్మనీదే. పశ్చిమ గట్టున నిలబడ్డ మనిషికి ముందు అందేంత దూరంలో నీళ్లు, ఆ తర్వాత నాలుగు అడుగుల గడ్డి, ఆ తర్వాత గోడ. ఆ గడ్డి మీద కాలు పెడితే వేరే దేశంలోకి చొరబడినట్టే. హద్దురాయి 1810లో ఎక్కడ ఉందో అక్కడే ఉంది. దాన్ని దాటే అడుగుకు మాత్రం అర్థం మారిపోయింది.

కాలువ అవతలి ఇంటికి వెళ్లడం ఎంత పనో లెక్క వేసుకుంటే ఈ మార్పు ఇంకా బాగా తెలుస్తుంది. 1964 చివర్నుంచి తూర్పు జర్మనీ తన పింఛనుదారుల్ని ఏడాదికొకసారి పశ్చిమంలోని బంధువుల దగ్గరికి వెళ్లనిచ్చింది. పనిచేసే వయసువాళ్లను కాదు. వాళ్లు వెళ్తే తిరిగి రారన్న భయం. అలా అనుమతి దొరికిన ముసలమ్మ తన ఇంటి నుంచి కనబడాల్సిన ఇంటికి వెళ్లాలంటే ముందు ఊరు విడిచి లోపలికి ప్రయాణం చేయాలి. రైలెక్కాలి, గూటెన్‌ఫ్యుర్స్ట్ సరిహద్దు స్టేషన్లో తనిఖీలు దాటాలి, హోఫ్‌లో దిగాలి, అక్కణ్ణుంచి మళ్లీ ఇరవై కిలోమీటర్ల లోపు వెనక్కి రావాలి. కూతవేటు దూరానికి అంత తిరుగుడు. 1973 నుంచి పశ్చిమ సరిహద్దు జిల్లాలవాళ్లకు తూర్పు సరిహద్దు జిల్లాలకు ఒకరోజు వెళ్లొచ్చే వీలు వచ్చింది. అదీ నిషేధిత పట్టీలోకి కాదు. అందువల్ల పశ్చిమ మోడ్లరాయిట్ మనిషి ష్లైట్స్ పట్టణంలో తన అన్నను కలుసుకోగలడు గానీ, ఇద్దరూ పుట్టిన ఊరి రెండో సగంలో కలుసుకోలేడు.

ఇలాంటి చోట మనుషులు ఎలా ఉండగలిగారని ఇప్పుడు అడగడం తేలిక. కొందరికి వెళ్లిపోయే దారి లేదు. కొందరికి నేల మీద మమకారం. ప్రభుత్వం కూడా నిషేధిత ప్రాంతంలో ఉండేవాళ్లకు జీతం మీద కొంత అదనం ఇచ్చేది, దుకాణాల్లో సరుకు లోపలి ఊళ్ల కంటే మెరుగ్గా ఉండేలా చూసేది. మరికొన్ని ఊళ్ల గతి చూస్తే ఉండనివ్వడమే గొప్ప అనిపించే పరిస్థితి. అదే తురింజియాలో, సరిహద్దుకు మరీ దగ్గరగా ఉందని బిల్‌ముట్‌హౌజెన్ అనే పల్లెను 1978లో పూర్తిగా కూల్చేశారు. శ్మశానం తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు.

పొలాల సంగతి వేరే చెప్పాలి. 1960 నాటికి తూర్పు జర్మనీలో దాదాపు రైతులందరినీ సహకార వ్యవసాయ క్షేత్రాల్లో చేర్చేశారు. గట్లు చెరిగిపోయి చిన్న చేలు పెద్ద మడులయ్యాయి. రైతు పని వేళకు వచ్చి వెళ్లే కూలీలాంటివాడయ్యాడు. పశ్చిమ గట్టున కుటుంబ సేద్యం కొనసాగింది. ట్రాక్టరు వచ్చింది, అప్పు వచ్చింది, పిల్లలు పట్నం ఉద్యోగాలకు పోయారు. ఏటేటా చిన్న కమతాలు మూతపడ్డాయి. అంటే రెండు గట్లలోనూ పాత రైతు జీవితం పోయింది, దారులు వేరు అంతే. ఆ తేడా ఇప్పటికీ పైనుంచి తీసిన ఫొటోల్లో కనిపిస్తుంది. తురింజియా వైపు చేలు దుప్పట్లలా పెద్దవిగా, బవేరియా వైపు చిన్న చిన్న అతుకుల బొంతలా ఉంటాయి.

పశ్చిమ గట్టువాళ్లకు స్వేచ్ఛ ఉంది కాబట్టి కష్టం లేదనుకోవడం పొరపాటు. వాళ్ల రోడ్డు గోడ దగ్గరే ఆగిపోయింది. దేశానికి చిట్టచివర, ఏ దారీ ముందుకు పోని మూల అయిపోయింది ఆ ప్రాంతం. పరిశ్రమలు అలాంటి చోటికి రావు. అందుకే పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 1971లో సరిహద్దు ప్రాంతాల అభివృద్ధికి ప్రత్యేక చట్టమే చేసి, పన్ను రాయితీలు, సాయం అందించింది. ఇంకోవైపు బస్సుల్లో జనం గోడ చూడటానికి వచ్చేవారు. తమ అన్నదమ్ముల ఇళ్ల వైపు బైనాక్యులర్లు పెట్టి చూసే అపరిచితుల మధ్య బతకడం ఏ ఊరికైనా బాధే. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ వచ్చారు. బెర్లిన్‌లో కెనెడీ 'నేను బెర్లిన్ వాణ్ణి' అన్న మాటను గుర్తుచేస్తూ, తానూ మోడ్లరాయిట్ వాణ్ణేనని జర్మన్‌లో అన్నారు. ఆ మాట పశ్చిమ గట్టున మోగింది. తూర్పు గట్టున దానికి చప్పట్లు కొట్టే వీలు ఎవరికీ లేదు.

ఈ ఊళ్లో గోడ దాటి పారిపోయిన ఘటన ఒక్కటే చెబుతారు. 1973 మేలో ఒక మనిషి నిచ్చెన సాయంతో గోడెక్కి అవతలికి దూకాడు. మిగతావాళ్లు ప్రయత్నించలేదంటే ఇష్టపడి ఉన్నారని కాదు. పట్టుబడితే తమకు జైలు, వెనక మిగిలిన ఇంటివాళ్లకు వేధింపులు.

1989 అక్టోబరు 1 తెల్లవారుజామున హోఫ్ స్టేషన్‌కు ప్రత్యేక రైళ్లు వచ్చాయి. ప్రాగ్ నగరంలోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయంలో తలదాచుకున్న వేలమంది తూర్పు జర్మన్లు వాటిలో ఉన్నారు. మోడ్లరాయిట్‌కు ఇరవై కిలోమీటర్ల లోపు దూరం. నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. ప్రపంచమంతా పండగ చేసుకుంది. ఈ ఊళ్లో మాత్రం గోడ ఇంకో నెల అలాగే నిలబడి ఉంది. రెండు వైపుల జనం అడగగా అడగగా డిసెంబరు 9న గోడలో ఒక దారి తెరిచారు. ముప్పై ఏడేళ్ల తర్వాత ఊరివాళ్లు కాలువ దాటారు, నడిచి. సరిగ్గా అదే రోజు హోఫ్‌లో రెండు జర్మనీల నుంచీ వచ్చిన నాలుగు వందల మందికి పైగా ప్రకృతి ప్రేమికులు సమావేశమై, సరిహద్దు పట్టీని 'హరిత పట్టీ'గా కాపాడాలని తీర్మానించారు. మనిషి అడుగు పెట్టనందువల్ల ఆ నేలలో అరుదైన పక్షులు, మొక్కలు బతికి ఉన్నాయి. మనుషులకు నరకమైన పట్టీ పక్షులకు ఆశ్రయం కావడం ఆలోచనలో పడేసే విషయం. ఆ పట్టీ ఇప్పటికీ చాలా భాగం నిలిచి ఉంది.

1990 జూన్ 17న యంత్రం తెచ్చి గోడను కూల్చారు. ఆ తేదీకి అర్థం ఉంది. 1953లో అదే రోజు తూర్పు జర్మనీ కార్మికులు తిరగబడితే సోవియట్ ట్యాంకులు అణచేశాయి. గోడలో కొంత భాగాన్ని, ఒక కావలి బురుజును, కంచెల్ని మాత్రం అలాగే ఉంచారు. ఆ భాగం చుట్టూ మ్యూజియం ఏర్పడింది. ఆ నిర్ణయం తీసుకోవడం తేలిక కాదు. ముప్పై ఏడేళ్లు తమను నొక్కిపెట్టిన దాన్ని ఇంటి ముందు ఉంచుకోమంటే ఎవరికి మనసొప్పుతుంది? అయినా ఉంచడమే సరైన పని. అది లేకపోతే ఇవాళ అక్కడికి వెళ్లే బడిపిల్లలకు కాలువ మాత్రమే కనిపిస్తుంది. ఇంత చిన్న నీటిపాయ దగ్గర మనుషుల్ని ఆపగలిగారంటే నమ్మలేరు.

ఇక ఇప్పటి సంగతి. గోడ పోయింది గానీ గీత పోలేదు. 1990 అక్టోబరు 3న దేశం ఒకటైనా, టాన్‌బాఖ్ మళ్లీ తన పాత పనికి, రాష్ట్ర సరిహద్దుగా ఉండటానికి తిరిగొచ్చింది. అందువల్ల ఈ యాభై మంది లోపు ఊరికి ఇద్దరు మేయర్లు. రెండు పిన్‌కోడ్‌లు. ఫోనుకు రెండు ఎస్‌టీడీ కోడ్‌లు. కార్లకు రెండు రకాల నంబరు ప్లేట్లు. పిల్లలు వేరువేరు రాష్ట్రాల బడుల్లో, వేరువేరు పాఠ్యప్రణాళికలు చదువుతారు, సెలవులూ వేరు. శాసనసభ ఎన్నికలు బవేరియాలో 2023లో జరిగితే తురింజియాలో 2024లో జరిగాయి. కరోనా రోజుల్లో నిబంధనలు రాష్ట్రాలవారీగా ఉండటంతో, ఒకే వీధి రెండు గట్లకు రెండు రకాల ఆంక్షలు వర్తించాయి. పలకరింపు కూడా వేరు. బవేరియా గట్టున 'గ్రూస్ గాట్' అంటారు. తురింజియా గట్టున 'గూటెన్ టాగ్' అంటారు.

వీటిలో చాలావాటిని చూసి నవ్వుకోవచ్చు. ఒకటి మాత్రం నవ్వుకునేది కాదు. తూర్పు, పశ్చిమ జర్మనీలకు పింఛను లెక్కగట్టే రేట్లు వేరువేరుగా ఉండేవి. రెండూ సమానమైంది 2023 జులై 1న. అంటే దేశాలు కలిసిన ముప్పై రెండేళ్లకు పైగా, కాలువకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు వృద్ధులకు పింఛను రెండు తూకాల్లో తూచారు. గోడను కూల్చడానికి ఒక పూట పట్టింది. జీతం, పింఛను, ఆస్తి లెక్కల్లోని గోడ అంత తొందరగా పోలేదు.

మరి ఊరిని ఒకే రాష్ట్రంలో కలిపేయొచ్చు కదా అని చూడటానికి వచ్చినవాళ్లందరూ అడుగుతారు. చట్టం దానికి అడ్డం కాదు. జర్మనీ రాజ్యాంగం 29వ అధికరణ ప్రకారం యాభై వేల మందికి మించని ప్రాంతాన్ని రెండు రాష్ట్రాలు ఒప్పందంతో అటూ ఇటూ మార్చుకోవచ్చు. యాభై మంది ఊరికి అదేం పెద్ద పని? అయినా ఎవరూ ఆ పని చేయలేదు. దీన్ని నిర్లక్ష్యం అనుకోనక్కర్లేదు. 1810 నుంచి 1945 దాకా ఆ గీత ఎవరి అన్నం కూడా ఆపలేదు. బడికి దారి తెరిచి ఉంటే, చుట్టం ఇంటికి దారి తెరిచి ఉంటే, ఏ రాష్ట్రం పేరు కాగితం మీద ఉందన్నది పెద్ద విషయం కాదని ఆ ఊరికి అనుభవంతో తెలుసు. వాళ్లను విడదీసింది గీత కాదు. ఆ గీత మీద ఎవరు నడవాలో, ఎవరు ఎవర్ని చూడాలో దూరాన కూర్చుని నిర్ణయించే అధికారం విడదీసింది. దాన్ని తీసేశాక గీత మళ్లీ పాత హద్దురాయిలా మారింది.

అసలైన టెన్షన్ ఇప్పుడు వేరే ఉంది. జర్మనీ పల్లెలన్నిటికీ ఉన్నదే ఇక్కడా ఉంది. యువకులు పట్నాలకు పోతున్నారు, బడి ఊళ్లో లేదు, దుకాణానికైనా డాక్టరుకైనా కారెక్కాలి. దానికి తోడు, ఇళ్లలో ఉన్న మనుషుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది మ్యూజియం చూడటానికి వచ్చి పోతుంటారు. అయినా కొట్టాల్లో పని ఆగదు, కట్టెలు ఎండలో ఆరుతూనే ఉంటాయి.

అక్టోబరు 31 తురింజియాలో సెలవు. లూథర్ మత సంస్కరణను తలచుకునే రోజు. అదే రోజు కాలువ ఇవతల బవేరియాలో మామూలు పనిదినం, ట్రాక్టర్లు నడుస్తుంటాయి. మర్నాడు నవంబరు 1, సకల పునీతుల పండగ. ఇప్పుడు బవేరియా గట్టున సెలవు, తురింజియా గట్టున పని. రెండో రోజుకు ట్రాక్టరు చప్పుడు కాలువ దాటి అటు వెళ్లిపోతుంది.